మర్యాదకు చరిత్ర వుంది

మర్యాద అనే సంస్కృత పదానికి తొలి అర్థం హద్దు, ఎల్ల, గట్టు. సముద్రం దాటని చెలియలికట్టకు మర్యాద అని పేరు. మనుషుల నడవడికి ఆ మాట తర్వాత వచ్చింది. నేడు మనం మర్యాద అన్నప్పుడు ఆ పాత అర్థం గుర్తుకు రాదు. కాని అది పోలేదు. ఎవరి ముందు ఎవరు కూర్చోకూడదో, ఎవరిని ఎవరు ఏమని పిలవాలో నిర్ణయించే హద్దుల మొత్తాన్నే సమాజం మర్యాద అంటుంది. ఆ హద్దులు ఎవరు గీశారు, ఎవరి కోసం గీశారు అన్న ప్రశ్న మన సాహిత్య విమర్శ తగినంతగా అడగలేదు.

ఈ ప్రశ్నకు ఖమ్మం, భద్రాచలం అడవి అంచు మంచి ఆధారం. ఇక్కడ పాలకుల హద్దులు ఎన్నోసార్లు మారాయి. గోదావరికి కుడిగట్టున నిజాం రాజ్యం, ఎడమగట్టున బ్రిటిషు ఇలాకా. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మధ్యపరగణాల నుంచి గోదావరి జిల్లాకు మారాయి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయింది. ఇన్ని మార్పుల మధ్య రెండు గట్లమీదా కోయలు వుంటూనే వున్నారు. వారి మర్యాద ఒకటి, వారిమీదికి వచ్చిన మర్యాద మరొకటి.

వచ్చినదాన్ని ముందు చూద్దాం. నిజాం పాలనలో తెలంగాణా పల్లెల్లో గడీ ముందు నడిచే పేదవాడు చెప్పులు విడవాలి, తలగుడ్డ తీయాలి. నోరు తెరిస్తే మొదటి మాట "నీ బాంచెను కాల్మొక్త". బాంచె అంటే బానిస. అంటే పలకరింపులోనే తన బానిసత్వాన్ని తానే ప్రకటించుకోవాలి. దొర ఇంట పెళ్లయినా పండుగయినా గొల్ల గొర్రెను, గౌడు కల్లును, కుమ్మరి కుండలను, మాదిగ చెప్పులను వూరికే ఇచ్చుకోవాలి. దీనికి వెట్టి అని పేరు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణా పోరాట చరిత్రలో ఈ వెట్టి రూపాలను వివరంగా నమోదు చేశారు.

ఈ దోపిడీకి మర్యాద భాషే ముసుగు అయింది. నజరానా అంటే పెద్దల దర్శనానికి వెళ్లినప్పుడు సమర్పించే కానుక. ఇష్టంతో ఇవ్వవలసిన కానుక తప్పక చెల్లించే పన్ను అయింది. మామూలు అంటే వాడుకలో వున్నది, అలవాటైనది. ఆ మాటే తెలుగులో లంచానికి పేరయింది. లంచానికి ఆచారమనే పేరు పెట్టుకోగలిగిన వ్యవస్థ స్వరూపాన్ని ఆ ఒక్క మాటే పట్టి ఇస్తుంది. ఈ పద్ధతి అడవిలోకీ పాకింది. గోదావరి కొండల్లో కలప వ్యాపారుల అప్పుల కింద కొండరెడ్లు దాదాపు కట్టుబానిసలుగా బతికిన తీరును హైమండార్ఫ్ 1945లో అచ్చయిన తన గ్రంథంలో చిత్రించాడు.

ఇక అడవి సొంత మర్యాద. కోయలు, కొండరెడ్లు కొత్తల పండుగ జరపనిదే కొత్త మామిడికాయ కొరకరు, కొత్త చిక్కుడు వండరు. పండుగ రోజు వూరు కలిసి నిర్ణయిస్తుంది. దీన్ని మూఢాచారమని తోసిపుచ్చిన చదువుకున్నవారున్నారు. వారు గమనించని విషయం ఒకటుంది. అడవి ఫలం మీద బలమున్నవాడు ముందుగా చేయి వేయకుండా ఆపే కట్టుబాటు అది. పక్వానికి రాని కాయను కాపాడేదీ అదే. దొర మర్యాదలో ముందు తినేవాడు దొర. ఇక్కడ అందరూ ఆగి, కలిసి తింటారు. జీలుగు కల్లయినా ఆకు దొప్పల్లో పంచుకుని నలుగురూ కూర్చుని తాగుతారు.

సంబోధన మరీ ఆసక్తికరం. మైదానంలో వణుకు పుట్టించిన దొర అనే మాట ఏజెన్సీలో కోయవానికి, కొండవానికి గౌరవవాచకం. 1922–24 మన్యం తిరుగుబాటులో అల్లూరి వెంట నడిచినవారు గంటం దొర, మల్లు దొర. ఒకే మాట నది గట్టున ఒక అర్థం, కొండమీద మరో అర్థం ఇచ్చిందంటే అది మాట గుణం కాదు, సంబంధాల గుణం.

అయితే అడవిలో అంతా సమానత్వమే వుందనడం కాల్పనికత. ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునే ఆచారం, కులపెద్దలు విధించే తప్పు అక్కడా వున్నాయి. వాటినీ చరిత్రగానే చూడాలి. పైగా అడవి మర్యాదే అడవిబిడ్డకు నష్టం తెచ్చిన ఘట్టం ఒకటుంది. మైదానం నుంచి వలస వచ్చిన రైతు మొదట చుట్టరికం కలిపాడు. బావా అన్నాడు. వచ్చినవాణ్ణి పొమ్మనడం గూడెం మర్యాద కాదు. కౌలుకు తీసుకున్న చెలక కొన్నాళ్లకు అతనిదే అయింది. భూబదలాయింపును అదుపు చేసే 1959 నాటి 1వ రెగ్యులేషన్, దాన్ని కట్టుదిట్టం చేసిన 1970 నాటి 1వ రెగ్యులేషన్ వచ్చింది ఇందుకే. అతిథి మర్యాద నుంచి భూమిని కాపాడటానికి చట్టం కావలసి వచ్చింది!

దొర మర్యాద తనంతట తాను సడలలేదు. 1944లో భువనగిరిలో కొత్త దారి పట్టిన ఆంధ్రమహాసభ మరుసటి ఏడు ఖమ్మంలో సమావేశమైంది. వెట్టి చేయమన్న నిరాకరణ వూరూరా వ్యాపించింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం గోదావరి అడవుల్లోకీ వచ్చింది. వంగిన నడుము నిలబడ్డాకనే పలకరింపు మారింది. అన్నా, అక్కా అన్న పిలుపులు దొరా అన్న పిలుపును వెనక్కు నెట్టాయి. వెట్టిచాకిరిని దేశమంతటా నిషేధించిన చట్టానికి 1976 దాకా ఆగవలసి వచ్చింది.

మన సాహిత్యం ఈ మార్పును ఎంత పట్టుకుంది? దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" గడీ లోపలి మర్యాదల క్రౌర్యాన్ని చూపించింది. కాని అడవి విషయంలో మన కథకులు చాలామంది ఇంకా అంచునే నిలబడి వున్నారు. కోయపాత్ర అధికారిని "నువ్వు" అంటే అది అమాయకత్వం, మోటుతనం. అధికారి "మీరు" అంటే అది సంస్కారం. పాఠ్యపుస్తకం నేర్పేదీ ఇదే. తెలంగాణా పల్లెల్లో కన్నతల్లిని, మేనమామను "నువ్వు" అనే పిలుస్తారు. అందులో చనువు వుంది, గౌరవమూ వుంది. గూడెం పిల్ల బళ్లో పంతులును "నువ్వెప్పుడొచ్చినవ్" అని అడిగితే, తనవాళ్లలో ఒకడిగా లెక్కవేసిందని అర్థం. ఆ పిల్లను దిద్దే ముందు పంతులు ఈ సంగతి తెలుసుకోవాలి.

వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి సవరల భాషను వారినుంచే నేర్చుకుని, వారి పిల్లలకు పుస్తకాలు రాశారు. నేర్పడానికి ముందు నేర్చుకోవడం ఆయన పద్ధతి. అడవి అంచు జీవితాన్ని రాయబూనే రచయిత ముందు గూడెంలో కూర్చుని ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో వినాలి. పాత్ర నోట పెట్టిన ప్రతి "మీరు" వెనుక, ప్రతి "నువ్వు" వెనుక ఏ సంబంధం వుందో తనను తాను అడగాలి.