ఏ గోడ నిలుపవలెను? ఏ గోడ కూల్చవలెను?
(పుదుచ్చేరి పాత వాడల చరిత్ర నుండి మనము నేర్చుకొనవలసినది)

మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండించుకొన్న ఈ శుభ సమయమున, ఈ సంచిక కొరకు పాత ఫొటోలు వెదకుటకు మేము కొందరము కూర్చున్నాము. ఫొటోలు దొరికినవి. కాని వాటిలోని కట్టడములు చాలా వరకు ఇప్పుడు లేవు. మా పేటలోని పాత బడి వాటిలో ఒకటి. సున్నపు గోడలు, టేకు దూలములు, పెంకుల కప్పు, ముందు పొడవైన వరండా. వానకు కురుస్తున్నదనియు, బాగుచేయుట కంటె కొత్తది కట్టుట మేలనియు సంఘ కమిటీలో తీర్మానము వచ్చినప్పుడు చేతులెత్తినవారిలో మేమును ఉన్నాము. దూలములు వేలములో పోయినవి. ఆ స్థలములో నేడు దుకాణములున్నవి. కాబట్టి ఇతరులకు బుద్ధి చెప్పుటకు గాక, మా తప్పును మేము తెలిసికొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

పట్టణములోని పాత వాడలను అక్కడి ప్రజలే పూనుకొని కాపాడుకొన్న చోటు మన దేశములో ఎక్కడైనా ఉన్నదా అని విచారించగా పుదుచ్చేరి మా కంటబడింది. అది మనకు పరాయి ఊరు కాదు. గోదావరి తీరమున ఉన్న మన యానాం నేటికిని ఆ కేంద్రపాలిత ప్రాంతములోని భాగమే.

ఊరు ఏర్పడిన విధము

ఫ్రాన్స్వా మార్టిన్ 1674లో అక్కడ ఫ్రెంచి వర్తక స్థావరమును నెలకొల్పాడు. 1693 నుండి 1699 వరకు ఊరు డచ్చివారి చేతిలో ఉన్నది. నేడు యాత్రికులు ఫ్రెంచివారి పనితనమని మెచ్చుకొనే ఆ తిన్నని వీధుల పథకము నిజానికి డచ్చివారు గీసినదని జాఁ దెలోష్ అను చరిత్రకారుడు పాత పటములను పరిశీలించి తెలియజేశారు. ఊరి నడుమ ఒక కాలువ. కాలువకు సముద్రము వైపున తెల్లవారి వాడ. పడమటి వైపున హిందువుల, క్రైస్తవుల, ముస్లిముల వాడలు.

తూర్పు వాడలోని ఇండ్లకు ఎత్తైన ప్రహరీలు, పెద్ద ద్వారములు, లోపల తోటలు. పడమటి ఇండ్లు అట్లు కావు. అవి వీధిని చేరదీసికొన్నట్లుండును. ముందు కొయ్య స్తంభములపై పెంకుల పంచ, దాని వెనుక అరుగు, లోపల మన మండువా లోగిలి వంటి ముంగిలి. ఎండన బడి వచ్చిన బాటసారి అడుగకుండనే ఆ పంచ నీడలో నిలువవచ్చును, అరుగు మీద కూర్చుండవచ్చును. క్రింది అంతస్తు తమిళ పద్ధతిలోను, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతిలోను కట్టిన ఇండ్లు కూడ అనేకము కలవు.

ఒక ఇల్లు, ఒక దినచర్య

అటువంటి ఇండ్లలో ప్రసిద్ధమైనది ఆనందరంగ పిళ్ళై గారిది. ఇది 1738 నాటిది. ఆయన ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీ. మన కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమునకు ‘ఆనందరంగరాట్ఛందము’ అని పేరు పెట్టినది ఈయన పేరు మీదనే. పిళ్ళై గారు 1736 నుండి 1761 వరకు తమిళములో దినచర్య వ్రాశారు. ఆ వ్రాతలు ఎనుబది ఏండ్లకు పైగా ఎవరికిని తెలియకుండ ఉండి, 1846లో వెలుగులోకి వచ్చినవి.

ఆ దినచర్యలో క్రైస్తవులమైన మనము తప్పక తెలిసికొనవలసిన సంగతులు రెండున్నవి.

మొదటిది 1745 నాటిది. నాడు పుదుచ్చేరి చర్చిలో అంటరానివారని ఎంచబడిన క్రైస్తవులను వేరుగా కూర్చుండబెట్టుటకు ఒక గోడ ఉండెను. ఆ విశ్వాసులు ఇది అన్యాయమని పాదిరి వద్ద మొరపెట్టుకొన్నారు. గోడ తీసివేయబడెను. అందుపై అగ్రకులముల క్రైస్తవులు అలజడి చేశారు.

రెండవది 1748 నాటిది. ఇంగ్లీషువారు పట్టణమును ముట్టడించిన సమయమున, సెయింట్ పాల్ చర్చి ప్రక్కనే ఉన్న వేదపురీశ్వరుని గుడిని ఫ్రెంచి పాలకులు కూలగొట్టించారు. జనులు ఎంత దుఃఖపడినదియు పిళ్ళై గారు వ్రాసిపెట్టారు. ఆ ఆలయము తరువాతి కాలమున వేరొక చోట కట్టబడెను.

పదమూడేండ్లు తిరుగకముందే మూడవ కూల్చివేత వచ్చింది. 1761 జనవరిలో పట్టణము ఇంగ్లీషువారి వశమైనది. వారు కోటను, తెల్లవారి వాడను నేలమట్టము చేశారు. చర్చి కూడ మిగులలేదు. 1765లో ఊరు తిరిగి ఫ్రెంచివారికి దక్కిన తరువాత వీధులు పాత జాడలలోనే మరల లేచినవి. నేటి కేథడ్రల్ 1791లో పూర్తి అయినది. సెయింట్ పాల్ పేరే జనుల నోట మారి, అది నేటికిని సాంబా కోవిల్ అని పిలువబడుచున్నది.

శత్రువు లేని కూల్చివేత

1954లో ఫ్రెంచివారు వెళ్ళిపోయిన తరువాత ఈ వాడలకు వేరొక విధమైన అపాయము వచ్చింది. ఈసారి ఫిరంగులు లేవు. ఇల్లు అన్నదమ్ముల మధ్య పంపకమునకు వచ్చును. మద్రాసు మిద్దె కురియును. టేకు దూలముల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో కట్టిన ఆ కప్పును బాగుచేయగల మేస్త్రీలు అరుదైనారు. స్థలము వెల పెరిగెను. ఇంటివారు ఆలోచించుకొని, దూలములు అమ్మి, సిమెంటు మేడ కట్టుదురు. వారిని నిందించుటకు మాకు నోరు లేదు. మేము చేసినదియు అదే కదా.

1984లో మన దేశములో ‘ఇంటాక్’ అను సాంస్కృతిక వారసత్వ సంస్థ స్థాపితమైనది. దాని పుదుచ్చేరి శాఖ వారు వీధి వీధి తిరిగి పాత ఇండ్ల జాబితా తయారుచేశారు. అయితే జాబితాలో పేరు ఎక్కినంత మాత్రమున ఇల్లు నిలువదు. ఇంటివారికి ఇష్టము ఉండవలెను, ఆ ఇష్టమునకు తగిన ఆధారము ఉండవలెను. కాబట్టి వీధి వైపు ముఖభాగమును పాత పద్ధతిలో బాగుచేసికొనువారికి, ఖర్చులో సగము సంస్థ భరించి సగము ఇంటివారు పెట్టుకొను ఏర్పాటు చేశారు. సున్నపు పని, కొయ్య పని తెలిసిన పనివారికి దీనివలన మరల చేతినిండ పని దొరికింది.

ఈ కృషికి పేరు తెచ్చినది తమిళ వాడలోని వైశ్యాళ్ వీధి. దీనినే కాల్వే సుబ్బరాయ చెట్టి వీధి అందురు. ఐరోపా సంఘము వారి ‘ఆసియా అర్బ్స్’ పథకము క్రింద ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్సులోని విల్‌నవ్-సుర్-లో పట్టణములు పుదుచ్చేరితో చేతులు కలిపినవి. 2002, 2004 సంవత్సరముల మధ్య ఆ వీధి ఇండ్ల ముఖభాగములను వరుసగా బాగుచేశారు. పంచలు, అరుగులు తిరిగి వచ్చినవి. ఎక్కడనో ఒక భవంతిని గాక, సామాన్య గృహస్థులు కాపురముండు వీధిని వీధిగా నిలిపిన పని ఇది. 2008లో దీనికి యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించింది.

విజయము మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. సముద్రపు ఒడ్డున 1870–71లో కట్టిన మేరీ అను పురపాలక భవనము చాల కాలము మరమ్మతు లేక, 2014 నవంబరు 29న వానలో కుప్పకూలిపోయింది. ప్రపంచ బ్యాంకు సహాయముతో పూర్వరూపమున మరల కట్టి, 2021 ఫిబ్రవరిలో ప్రారంభించారు. చూచుటకు అదే భవనము. కాని నూటనలుబది ఏండ్ల నాటి గోడ మట్టిలో కలిసిన తరువాత, ఎంత డబ్బు పోసినను దానిని తిరిగి తేలేము. మరియొక చిక్కు కూడ కలదు. బాగుపడిన పాత ఇండ్లు కొన్ని హోటళ్ళుగా మారినవి. ఆ రాబడి వలననే అవి నిలిచినవి, నిజమే. అయినను అరుగు మీద ఇంటివారు లేక యాత్రికులు మాత్రమే కూర్చుండినచో ఇల్లు మిగిలినను వాడ మిగులదు.

మన సంఘములకు

ఈ చరిత్రలో నాలుగు కూల్చివేతలు చూచితిమి. నాలుగును ఒక్కటి కావు. 1745లో పడిన గోడ పడవలసినదే. మన సంఘములలో అటువంటి గోడలు కంటికి కనబడకుండ ఉన్నయెడల, పాతవని వాటిని కాపాడరాదు. 1748లో పడిన గుడి పడవలసినది కాదు. మన ఆరాధన స్థలమును ప్రేమించు మనము పొరుగువారి ఆరాధన స్థలమును గూర్చియు అంతే జాగ్రత్త వహింపవలెను. 1761 నాటిది పగతో జరిగినది. నేడు మన చేతులతో జరుగుచున్నదో అజాగ్రత్తతో, తొందరపాటుతో జరుగుచున్నది.

కాబట్టి ప్రతి సంఘము వారును ఈ సంవత్సరములోనే తమ పాత చర్చి, బడి, బంగళా, సమాధుల తోట వివరములు ఫొటోలతో సహా వ్రాసి ఉంచవలెనని కోరుచున్నాము. బాప్తిస్మపు రిజిస్టరులను, కమిటీ మినిట్సు పుస్తకములను చెదల పాలు చేయక భద్రపరచవలెను. మనకు గౌరవము తెచ్చు పుటలనే గాక, తలవంపులు తెచ్చు పుటలను కూడ ఉంచవలెను. పిళ్ళై గారి దినచర్య నిలిచినందుననే గదా ఆ రెండు సంగతులు మనకు తెలిసినవి. కూల్చుటకు తీర్మానము వచ్చినప్పుడు, సున్నపు పని తెలిసిన మేస్త్రీని పిలిపించి మరమ్మతుకు ఎంత అగునో ముందుగా లెక్క కట్టించవలెను. మేము ఆనాడు ఆ పని చేయలేదు.

మా పాత బడి గంట ఒక్కటి మాత్రము మిగిలి, వెస్ట్రీ బీరువాలో ఉన్నది. రాబోవు నూరేండ్లలో మన పిల్లలు మన ఫొటోలు వెదకుకొన్నప్పుడు, వాటిలోని గోడలు కొన్నియైనను వారి కండ్లయెదుట నిలిచియుండును గాక.