పెన్సిల్లో లేని సీసం
మొన్న పుస్తకాల కొట్లో ఓ పిల్లాడు "అంకుల్, 0.7 లెడ్ ఉందా?" అన్నాడు. లెడ్ అంటే సీసం. కొట్టతను ఇచ్చిన పెన్సిల్ పుల్లల డబ్బీలో అది రవ్వంతైనా లేదు. ఉన్నది గ్రాఫైట్: తాకితే జారుతుంది, లోహంలా మెరుస్తుంది, వేలికి మసిలా అంటుతుంది. 16వ శతాబ్దంలో ఇంగ్లండులోని బారోడేల్‌లో దొరికితే, చూపుకు సీసంలా ఉందని 'నల్లసీసం' అనేశారు. అది కర్బనమేనని 1779లో రసాయన శాస్త్రవేత్త షీలే తేల్చాడు; అంటే బొగ్గు, వజ్రాల సొంత చుట్టం. 1789లో ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ 'రాయడం' అనే గ్రీకు ధాతువుతో గ్రాఫైట్ అని పేరు పెట్టాడు. టెలిగ్రాఫులో ఉన్నదీ ఆ ధాతువే. మన 'మసి' అనే మాట మాత్రం రాత నుంచి మరక వైపు ఎదురు నడిచింది: సంస్కృతంలో సిరా, తెలుగులో మసిగుడ్డ! అన్నట్టు, సీసాకీ సీసానికీ చుట్టరికం లేదు. సీసా పారసీ శీషా నుంచి వచ్చింది. పెన్సిల్ కొరికే పిల్లల్ని 'లోపల సీసం' అని బెదిరించకండి. ఉన్నది గ్రాఫైటూ, బంకమట్టీ.