అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి - క్లోరోఫారం ప్రశ్న

హైదరాబాదులో మూసీనది ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్ అను పేట కలదు. జనసమ్మర్దముతో నిండిన ఈ వ్యాపార కేంద్రమునకు శస్త్రచికిత్స చరిత్రలో ఒక స్థానమున్నదని చాలమందికి తెలియదు.

ఇచ్చట 1866లో ఒక ఆసుపత్రి వెలసినది. 1846లో ఆరంభమైన హైదరాబాదు వైద్య పాఠశాల విద్యార్థులు ఇక్కడనే పని నేర్చుకొనేవారు. 1880 తరువాతి సంవత్సరములలో ఆ పాఠశాలకు అధిపతి ఎడ్వర్డ్ లారీ అను శస్త్రవైద్యుడు.

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫారం వాడుక ప్రారంభించిన పిమ్మట, రోగికి నొప్పి తెలియకుండ కోత కోయుట సాధ్యమైనది. కాని మరుసటి యేడే, కాలిగోరు తీయించుకొనుటకు వచ్చిన పదునైదేండ్ల బాలిక ఆ మత్తులోనే మరణించినది. అట్టి మరణములు తరువాత కూడ సంభవించినవి. అప్పుడు ముందుగా ఆగునది శ్వాసయా, గుండెయా? శ్వాసయే అయినచో, దానిని కనిపెట్టి చూచుచు ప్రాణము నిలుపవచ్చును. గుండెయే హఠాత్తుగా ఆగినచో ఆ జాగ్రత్త చాలదు.

శ్వాసయే ముందాగునని లారీ నమ్మకము. దీనిని తేల్చుటకు నిజాం ప్రభుత్వము 1888లో ఒక సంఘమును, 1889లో మరొక సంఘమును నియమించినది. రెండవ దానికి లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చినాడు. వందలాది జంతువులపై పరీక్షలు జరిగినవి. ఈ కృషిలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్జీ, ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరు. శ్వాసయే ముందాగునని సంఘము తీర్పు చెప్పినది.

అయితే వాదము ముగియలేదు. 1911లో లీవీ అను శాస్త్రజ్ఞుడు వేరొక విధముగా పరీక్షించెను. తేలిక మత్తులో ఉన్న పిల్లులకు ఎడ్రినలిన్ ఎక్కింపగా, వాటి గుండె క్రమము తప్పి వణకి, హఠాత్తుగా ఆగిపోయినది. గాఢమైన మత్తులో శ్వాస ముందాగవచ్చును. తేలిక మత్తులో, భయముతో ఉన్న రోగికి గుండెయే ఆగవచ్చును. హైదరాబాదు పరీక్షలు అబద్ధములు కావు. అవి ప్రశ్నలో సగమునకే జవాబు చెప్పినవి. క్రమముగా క్లోరోఫారం వాడుకనుండి తొలగినది. శ్వాసను కనిపెట్టి యుండవలెనను లారీ హెచ్చరిక మాత్రము నేటికిని చెల్లుచున్నది.

ఆ ఆసుపత్రి నేడు లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో అది కొట్టుకొనిపోయినది. ఆవరణలోని చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారు. వరదలను అరికట్టుటకు విశ్వేశ్వరయ్య సూచించిన జలాశయములు తరువాత నిర్మితమైనవి. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో, గుమ్మటములతో ఉస్మానియా ఆసుపత్రి అక్కడనే లేచినది.

2020 జూలైలో వాన నీరు ఈ భవనపు వార్డులలో ప్రవేశించగా రోగులను తరలించి భవనమును మూసివేసినారు. 2025 జనవరిలో గోషామహల్‌లో క్రొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. రోగులకు క్రొత్త భవనము అవసరమే. కాని పాతదానిని కూడ నిలుపుకొనవలెను. మొదటి ఆసుపత్రిని నది తీసికొనిపోయినది. రెండవది పోయినచో తప్పు నదిది కాదు. ఉపాధ్యాయులు విద్యార్థులను ఆ గట్టునకు తీసికొనిపోయి, ఒక శాస్త్రప్రశ్న ఎట్లు పుట్టి, ఎట్లు సరిదిద్దబడినదో వివరింపవచ్చును. దానికి అంతకంటె తగిన చోటు మన నగరములలో అరుదు.