మళ్ళీ డ్రాపర్ దగ్గరికి

ఫౌంటెన్ పెన్నుల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా పాళీ దగ్గరే ఆగిపోతారు. బంగారమా, ఉక్కా, సన్నమా, లావా అని. నాకు మాత్రం అసలు చరిత్ర పాళీ వెనకాల, గొట్టం లోపల జరిగిందనిపిస్తుంది. ఇంకు లోపలికి ఎలా వెళ్తుంది, ఎవరు పోస్తారు, ఎవరి ఇంకు పోస్తారు అన్న ప్రశ్నల చుట్టూ.

1884లో న్యూయార్క్‌లో లూయిస్ వాటర్‌మన్ పేటెంట్ తీసుకున్న పెన్నులో గొట్టమే ఇంకుబుడ్డి. మర విప్పాలి, డ్రాపర్‌తో ఇంకు పోయాలి, మళ్ళీ బిగించాలి. అంతే. లోపల యంత్రం ఏమీ లేదు కాబట్టి ఉన్న చోటంతా ఇంకుదే. వాటర్‌మన్ గొప్పతనం పాళీ కింద ఉండే నాలుకలాంటి ముక్కలో ఉంది. సన్నటి గాళ్ళలోంచి ఇంకు కిందికి దిగుతుంటే, దాని బదులు గాలి పైకి వెళ్ళేలా చేశాడాయన.

చిక్కల్లా ఆ గాలితోనే. ఇంకు తగ్గేకొద్దీ గొట్టంలో గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి నెడుతుంది. పెన్ను కక్కిందని మనవాళ్ళు అనేది దీన్నే. చొక్కా జేబు కింద నీలం మరక ఉన్న మేష్టారు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు కదా, ఆ మరక వెనకున్న భౌతికశాస్త్రం ఇది.

ఆ మరకనీ, పోసేటప్పుడు వేళ్ళకయ్యే ఇంకునీ తప్పించడానికి అమెరికాలో, యూరప్‌లో పెద్ద పోటీయే నడిచింది. కాంక్లిన్ కంపెనీ గొట్టం లోపల రబ్బరు తిత్తి పెట్టి, పైన నెలవంక లాంటి రేకు అమర్చింది. రేకు నొక్కి వదిలితే తిత్తి బుడ్డిలోంచి ఇంకు పీల్చుకుంటుంది. మార్క్ ట్వేన్ ఆ పెన్నుని మెచ్చుకున్నాడు. రేకు అడ్డం పడి పెన్ను బల్ల మీంచి దొర్లిపోకపోవడం కూడా ఆయనకి నచ్చింది. 1908లో అయోవాలో నగల వ్యాపారి వాల్టర్ షేఫర్ ఆ రేకు బదులు గొట్టం పక్కనే మడుచుకునే మీటకి పేటెంట్ తీసుకున్నాడు. 1929లో జర్మనీ నుంచి పెలికాన్ పిస్టన్ పెన్ను వచ్చింది. వెనక మర తిప్పితే చాలు. జపాన్ వాళ్ళు మాత్రం చాలాకాలం డ్రాపర్‌నే నమ్ముకుని, రాయనప్పుడు ఇంకు దారి మూసేసే బిరడా ఒకటి లోపల పెట్టారు.

ప్రతి కొత్త పద్ధతీ వేళ్ళని శుభ్రంగా ఉంచింది, నిజమే. కానీ గొట్టంలో ఇంకుకి ఉన్న చోటులో కొంత తను తీసుకుంది. ఆ వరసలో చివరిది 1950లలో బాగా వ్యాపించిన కార్ట్రిడ్జ్. ప్లాస్టిక్ గొట్టాన్ని గుచ్చి రాసుకోవడం, అయిపోతే పారేయడం. మామూలు పొట్టి కార్ట్రిడ్జ్‌లో పట్టేది ఒక మిల్లీలీటరు కన్నా తక్కువే. పైగా పార్కర్‌ది పైలట్‌కి పట్టదు, పైలట్‌ది ఇంకొకరికి పట్టదు. ఒకసారి పెన్ను కొన్నవాడు ఇంకు కోసం మళ్ళీ మళ్ళీ ఆ కంపెనీ గుమ్మంలోకే రావాలి. ఈ వ్యాపార సూత్రం ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కార్ట్రిడ్జ్ చోట అమర్చుకునే బుల్లి పిస్టన్, అంటే కన్వర్టర్, బుడ్డి ఇంకుని తిరిగి ఇచ్చింది గానీ చోటుని ఇవ్వలేదు.

ఈ పోటీ బయట రాజమండ్రిలో ఇంకో కథ నడిచింది. కోసూరి వెంకటరత్నం గారు స్వర్ణకారుల ఇంటివారు. దేశీ వస్తువేదైనా చెయ్యమన్న గాంధీజీ మాట పట్టుకుని పెన్నుల పనిలోకి దిగారని ఆ కుటుంబం చెబుతుంది. 1935లో, కుమారప్ప గారి ద్వారా అందిన పెన్నుతో రాసి చూసి, బావుందని గాంధీజీ ఆయనకి ఉత్తరం రాశారు. అంతకు ముందు ఏడాదే బెంగాల్లో మైత్ర సోదరులు సులేఖ ఇంకు మొదలుపెట్టారు.

రాజమండ్రి పెన్ను డ్రాపర్ పెన్నే. దాన్ని వెనకబాటు అనుకోలేను. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి, మరలు కోసి, నున్నగా రుద్దితే గొట్టం తయారు. మన ఎండలకి జిగురై చీకిపోయే రబ్బరు తిత్తి అందులో లేదు, విరిగిపోయే మీటా లేదు. ఎబొనైట్ వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు కాబట్టి కక్కడమూ కొంత తగ్గుతుంది. తక్కువ భాగాలుండటం వల్లే ఆ పెన్ను ఒక చిన్న పనిశాలకి అందింది.

ఇప్పుడు తమాషా ఏమిటంటే, మన తరం కార్ట్రిడ్జ్ పెన్నుల్ని విప్పి డ్రాపర్ పెన్నులుగా మార్చుకుంటోంది. నేనూ ఒక చవక ప్లాస్టిక్ పెన్నుని మార్చాను. కార్ట్రిడ్జ్ తీసేసి, మరల దగ్గర సన్నటి రబ్బరు రింగు తొడిగి, మర మీద సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, గొట్టం నిండా ఇంకు పోసి బిగించడమే పని. వాజలైన్ వాడకూడదు, రబ్బరుని తినేస్తుంది. గొట్టానికి ఎక్కడా చిల్లు ఉండకూడదు. అందుకే లామీ సఫారీ లాంటివి పనికిరావు, వాటి ఇంకు కిటికీలు నిజంగానే కిటికీలు. లోహపు గొట్టమూ వద్దు, ఇంకుకి తుప్పు పడుతుంది. మూడో వంతుకి తగ్గకముందే మళ్ళీ నింపుకుంటే కక్కదు.

అటు రాజమండ్రి పెన్నుల్లోకి ఇప్పుడు కన్వర్టర్లు వచ్చాయి. ప్రయాణాలు చేసేవాళ్ళూ, వారానికో రంగు మార్చేవాళ్ళూ అడుగుతున్నారు. వాళ్ళకది సౌకర్యమే. ఒకరు వదిలేసిన దాన్ని ఇంకొకరు ఏరుకుంటున్నారన్నమాట. ఇందులో ముందుకెళ్ళిందెవరు, వెనక్కెళ్ళిందెవరు అని తేల్చడం కష్టం.

ఒకటి మాత్రం చెప్పగలను. గొట్టంలోకి ఏ ఇంకు వెళ్ళాలో, ఎంత వెళ్ళాలో రాసేవాడు నిర్ణయించుకునే పెన్నులు కొన్ని, కంపెనీ నిర్ణయించేవి కొన్ని. నూటనలభై ఏళ్ళ ఈ చరిత్రలో మీటలూ పిస్టన్లూ ఎన్ని మారినా, ఈ తేడా మాత్రం మారలేదు. దాన్ని దాటడానికి ఒక రబ్బరు రింగు, చిటికెడు గ్రీజు సరిపోతాయి. వేళ్ళకి కాస్త ఇంకు అంటుతుంది, అంతే.