మరుగునిచ్చిన పాదులు

ఇంటి ముంగిటిని ముగ్గులతోను, గడపను పసుపుకుంకుమలతోను తీర్చిదిద్దుట తెలుగునాట నెల్లయెడల గల యాచారమే. కాని యా యింటి వెనుక నుండు కట్టెల పాకను, పశువుల సాలను, స్నానమునకై కట్టిన తడికల మరుగును, పెంటకుప్పను చూపరుల కన్నులబడకుండ మనవా రెట్లు కాపాడుకొనిరో తెలుపు వ్రాతలు మిక్కిలి యరుదు. రాజుల వంశములకు శాసనములు గలవు. ఆనపపాదునకు శాసనము లేదు. అయినను విత్తు నాటి, తీగకు దారి చూపి, వికారమైన కట్టడమును పచ్చని తెరచాటునకు చేర్చిన గృహిణుల విజ్ఞానము ఏ శిల్పశాస్త్రమునకును తీసిపోనిదని నా దృఢవిశ్వాసము.

అట్టి విజ్ఞానము కానవచ్చు సీమలలో గజపతినగరపు సీమ యొకటి. విజయనగరమునుండి సాలూరు మీదుగా రాయపూరు పోవు మార్గమున, చంపావతీ నదికి చేరువ నున్న గజపతినగరము, పూసపాటి గజపతుల సంస్థానపు సీమలో పెరిగి, చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో తాలూకా కేంద్రముగ నుండి, 1979 లో విజయనగరము జిల్లా యేర్పడినపుడు అందు చేరినది. ఈ సీమ పల్లెల పాత యిండ్లు మట్టిగోడలవి, తాటాకు కప్పులవి. తుపానుగాలికి ఎదురొడ్డి నిలుచుటకై గుండ్రముగ కట్టి, చూరును మిక్కిలి క్రిందికి దించిన చుట్టిండ్లు ఉత్తరాంధ్ర తీరమునకు ప్రసిద్ధములు. చూరునుండి యొక తాడు దించి నేలలోని గుంజకు బిగించినచో, ఆనపతీగ దానిని పట్టుకొని కప్పు నెక్కును. పందిరి సామగ్రియు ఊరిలోనిదే: అడ్డములకు సాలూరు కొండల వైపునుండి దిగిన వెదురు, కట్టుటకు తాటినార, దడికి గోగుపుల్లలు. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులకు ఒకప్పుడు ముడిసరుకైన గోగును నీట నానవేసి నార నొలిచిన పిమ్మట మిగులు తెల్లని తేలికపుల్లలే యీ ప్రాంతపు పెరళ్లకు దడులైనవి.

పెరటిని గృహిణి పాలనకు విడుచుట ప్రాచీన సంప్రదాయమే. వాత్స్యాయనుడు తన కామసూత్రములందు ఇల్లాలి ధర్మములను చెప్పుచు, కూరగాయల మడులతో పాటు మల్లె, జాజి మొదలగు పూలమొక్కలను పెంచుటయు, తోట నడుమ నూతిని త్రవ్వించుటయు ఆమె విధులలో చేర్చెను. కాళిదాసుని శకుంతల నవమల్లికకు వనజ్యోత్స్న యని పేరిడి, అది మామిడిని అల్లుకొనగ చూచి మురిసెను. కావ్యములందు తీగ శృంగారమునకు సాధనము. పల్లె పెరటియందు అది కుటుంబపు మర్యాదకు కావలి.

తీగలన్నియు నొక్కరీతిగ ప్రాకవు. ఎంపికలోని నేర్పంతయు నిచ్చటనే యున్నది. ఆనప, బీర, కాకర, దొండలు నులితీగలతో పట్టుకొనునవి. సన్నని పుల్లయో, తాడో దొరికిన గాని వానికి పట్టు చిక్కదు. కావున వానికి దడియు, తడికయు తగును. నులితీగ పుల్లను తాకిన కొలదిసేపటికే వంగి దానిని చుట్టుకొని, పిమ్మట తానే మెలికలు తిరిగి తీగను దగ్గరకు లాగుకొనును. గాలి వీచినపుడు సాగి, తగ్గినపుడు ముడుచుకొను నీ మెలికల వలననే లేతతీగ తెగక నిలుచును. చిక్కుడు, బచ్చలి, శంఖుపూలు కాండముతోనే చుట్టుకొనుచు నెక్కునవి గనుక వానికి నిలువు గుంజ చాలును. తమలపాకు తీగ కణుపులయొద్ద వేళ్లూనునది, నీడయు తడియు కోరునది. నూతి నీరు పారు మూల దానికి యోగ్యము. గుమ్మడి బరువైన కాయనిచ్చును. బలహీనమైన దడిమీద కెక్కించినచో దడితో కూడ నేలకొరుగును గావున దానికి సాల కప్పే తగినది. కాలమును గూడ గణింపవలయును: బీర ఒక్క పంటకాలమునకే తెర యగును; ముక్క నాటి పెంచు దొండ యేండ్లతరబడి నిలుచును గనుక స్నానపు మరుగునకు శ్రేష్ఠము, స్నానపు నీరును వృథాగాక పాదునకే చేరును.

ఇట్లు మరుగైన తీగయే పండుగలకును పనికివచ్చెను. ధనుర్మాసమున గొబ్బెమ్మలపై నుంచు గుమ్మడిపూవు సాల కప్పుమీదిది. పగలు కురుచయైన దినములలో పూచి కాచు చిక్కుడు సంక్రాంతి కూర యగును. రథసప్తమినాడు, అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధికి జనులు తండోపతండములుగ తరలు వేళ, ఇంటింట చిక్కుడుకాయలతో సూర్యునకు రథము కట్టి, చిక్కుడాకులమీద పరమాన్నము నివేదింతురు. కట్టెల పాకను కప్పిన పాదు దేవుని రథమునకు కాయ నిచ్చుటను మించిన గౌరవము మరేమి గలదు?

ఆంగ్లేయుల కాలమున నూతనమైన యభిరుచి యొకటి ప్రవేశించినది. 1781 నుండి సామర్లకోటలో నున్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ తీరాంధ్రపు మొక్కలను తెలుగు పేర్లతో సహా నమోదు చేసి చిత్రింపజేసెను. 300 చిత్రఫలకములతో 1795 మొదలు వెలువడిన యాయన కోరమాండల్ గ్రంథము మన పచ్చదనమును ప్రపంచమునకు చూపినది. ఇచ్చటినుండి అట్లు వెడలగ, అచ్చటినుండి వచ్చినవియు గలవు. 1767 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కమర్సన్ బ్రెజిల్ తీరమున కనుగొని, తన నౌకానాయకుడైన బోగన్‌విల్ పేరిట పిలిచిన కాగితపుపూల తీగ తరువాతి శతాబ్దమున మన దేశమున నెలకొన్నది. బంగళాల ద్వారములమీద అది యెర్రగ నిండగ, తెల్లగ విచ్చి గులాబివన్నె మీదుగా ఎర్రబారు రాధామనోహరము వసారాల జాఫ్రీల నల్లుకొన్నది. ఇవి కన్నులకు విందే. కాని వంటింటికి ఒక్క పిందెనైన నీయవు. పరదేశపుదగుట దోషము కాదు: మన గుమ్మడియు అమెరికా ఖండమునుండి వచ్చినదే. కొత్తగా వచ్చిన మార్పు, మరుగును భుక్తినుండి వేరుచేయుట.

నేడు తాటాకు కప్పుల స్థానమున శ్లాబులు, దడుల స్థానమున ప్రహరీలు వెలసినవి. నునుపైన సిమెంటు గోడపై నులితీగకు పట్టు లేదు. అందువలన పెరటి పాదులు తగ్గినవి. వికారములు మాత్రము తగ్గలేదు: నీళ్లట్యాంకులు, మోటారు గదులు, ఇనుపరేకుల షెడ్లు వచ్చి చేరినవి. వీనికి గోడనుండి జానెడెడముగ వలయో, తీగకంచెయో బిగించి, దొండనో, చిక్కుడునో పాకించుట ఎవరికిని భారము కాదు. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను మహావృక్షములను పెకలించినది. అట్టి విపత్తునకు పందిరియు కూలవచ్చును, కాని యేటి పాదు మరుసటి తొలకరికి ఒక్క గింజతో మరల లేచును. గజపతినగరపు పెరళ్లు చెప్పు పాఠ మిదియే: కప్పవలసినదానిని కప్పునపుడు ఆ కప్పు ఇంటివారికి కూరను, తేనెటీగకు పూవును ఈయవలయును, అట్టి మరుగే తెలుగింటికి తగిన మరుగు.