యానాము, తుపానులు, తీగలేని వార్త

గౌతమీ గోదావరి సాగరమున కలియు చోటికి చేరువనున్న యానామునకు నదియే సిరి, సముద్రమే భయము. ఇచ్చటికి కొలది మైళ్ల దూరమున నున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టు రేవుగా దేశదేశముల పేరు గాంచెను. 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి వచ్చి ఆ రేవును ముంచివేసెను. తేరుకొని యాబది యేండ్లు గడచిన పిమ్మట 1839 నవంబరు 25వ తేదీన మరల అట్టి యుప్పెనయే వచ్చెను. ఆ రెండవ దెబ్బతో కోరంగి రేవు కథ ముగిసిన దనవచ్చును. నాడు మూడు లక్షలమంది మరణించి రని కొన్ని గ్రంథములలో కానవచ్చును గాని, ఒక రేవుపట్టణమున అంతమంది ఎచ్చట నుండిరో ఆ గ్రంథకర్తలే చెప్పవలెను. లెక్క వ్రాయుట తెలిసినవాడు అట్టి అంకెను పద్దులో ఎక్కింపడు.

కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు ఇట్టి గాలివానల వృత్తాంతములను సేకరించి, 1848లో ప్రకటించిన నావికుల గ్రంథమున కోరంగి యుప్పెనను కూడ వర్ణించెను. చుట్టలు చుట్టుకొనిన పామును తలపించు గ్రీకు పదము నుండి 'సైక్లోను' అను పేరును కల్పించినవాడు ఆయనయే. నేడు లోకమంతయు పలుకు ఆ మాట పుట్టుకలో మన కోరంగి కన్నీరు కొంత కలసియున్న దన్నమాట.

తుపానునకు రెండు దెబ్బలు కలవు. మొదటిది గాలియు నీరును కొట్టునది. రెండవది వార్త తెగుట. కూలిన యింటిలో ప్రాణముతో నున్నవాడు తాను బ్రతికియున్నట్లు ఎవరికిని చెప్పుకొనలేక, పడవలు, బియ్యము, మందులు ఏ యూరికి ముందు పోవలెనో పైవారికి తెలియక, మరికొన్ని ప్రాణములు పోవును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినపుడు ఇట్లే జరిగెను. తంతి స్తంభములు ఒరిగెను, బాటలు తెగెను, పదివేలమందికి మించి మరణించిన సంగతి బయటి లోకమునకు వెంటనే తెలియలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలపాలు చేసి, యానామును, భైరవపాలెము, బలుసుతిప్ప మొదలగు పల్లెలను కల్లోలపరచి వేయిమందికి పైగా ప్రాణములు తీసెను. వేటకు పోయిన బెస్తవారు ఏమైరో తెలియక వారి యాండ్రు ఒడ్డున నిలిచి సముద్రమువైపు చూచుచుండిరి. ఆ చూపునకు బదులు చెప్పు సాధనమేది యన్న ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

తీగ తెగినపుడు తీగ లేనిదే పనికివచ్చును. నిస్తంత్రీ వార్త ప్రభుత్వముల సొత్తు మాత్రమే కాదు. జీతము, లాభము కోరక, కేవలము విద్యాసక్తిచేత స్వంత యంత్రమును పెట్టుకొని తోటివారితో ఆకాశమార్గమున మాటలాడువారు ప్రపంచమంతట కలరు. వారిని అమెచ్యూర్లనియు, వాడుకలో 'హ్యాము'లనియు అందురు. వారు సందేశమునకు రుసుము పుచ్చుకొనరాదు, వర్తకపు మాట మాటలాడరాదు, అది చట్టము. నలదమయంతుల నడుమ రాయబారము నడపిన హంస కూలి యడిగినట్లు మన కవులెవ్వరును వ్రాయలేదు గదా! భారతములోని సంజయుని దివ్యదృష్టియే నేటి రేడియో యని కొందరు పెద్దలు సభలలో చెప్పుచుందురు. ఆ మాట వ్యాసునికి గౌరవమును కాదు, యంత్రమును కనుగొన్నవారికి న్యాయమును కాదు.

ఈ విద్య చరిత్ర చిత్రమైనది. 1912లో అమెరికా ప్రభుత్వము అమెచ్యూర్లను రెండువందల మీటర్లకు తక్కువ తరంగములకు నెట్టివేసెను. అవి దూరము పోవని, ఎందులకును కొరగావని నాటి పండితుల నమ్మకము. చవిటినేల యిచ్చి వేరు పెట్టిన తమ్ముడు దానినే మాగాణి చేసికొన్నట్లు, వీరు ఆ హ్రస్వతరంగములతోనే సముద్రములు దాటిరి. 1923 నవంబరులో ఫ్రాన్సు దేశపు నీసు పట్టణమునుండి లియోన్ డెలాయ్ అను అమెచ్యూరు అట్లాంటికు ఆవలి ఫ్రెడ్ ష్నెల్‌తో నూరు మీటర్లకు సమీపమున నున్న తరంగముపై ఇరువైపుల సంభాషణ జరిపెను. అంతటితో ఆ 'కొరగాని' తరంగముల విలువ ప్రభుత్వములకును తెలిసివచ్చెను.

భారతదేశమున 1921లో కలకత్తా వాస్తవ్యుడు అమరేంద్రచంద్ర గుప్తు ప్రథముడు. పిమ్మట ముకుల్ బోసు. 1939లో యుద్ధము రాగానే ప్రభుత్వము లైసెన్సులను రద్దుచేసెను. అయినను ఆ విద్య నిదురపోలేదు. 1942లో ఉషామెహతాయు ఆమె సహచరులును బొంబాయిలో రహస్యముగా నడపిన కాంగ్రెసు రేడియో యంత్రము వెనుక నరీమన్ ప్రింటర్ అను పూర్వపు అమెచ్యూరు కలడు. స్వాతంత్ర్యానంతరము 1948 మే నెలలో మౌ పట్టణమున అఖిల భారత సంఘ మేర్పడెను. 1978లో అమెచ్యూరు సర్వీసు నియమములు వెలువడెను. తెలుగుదేశమున 1983లో ఎస్. సూరి హైదరాబాదున జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థను స్థాపించి, పరీక్షకు కూర్చుండువారికి పాఠములు చెప్పించుట, విపత్తులకు మనుష్యులను యంత్రములను పంపుట అను రెండు పనులను చేపట్టెను.

ఇక యానామువారు మాత్రమే చెప్పుకొని మురియదగిన సంగతి యొకటి కలదు. అమెరికాలోని రేడియో రిలే లీగు వారు ఏ అమెచ్యూరు ఎన్ని దేశములతో మాటలాడెనో లెక్క వేయుటకు ఒక పట్టికను నిర్వహించుచున్నారు. నూరు దేశములు పూర్తియైనవారికి యోగ్యతాపత్రము. ఆ పట్టికలో భారతదేశ మొక పద్దు, 'ఫ్రెంచి ఇండియా' వేరొక పద్దు. పుదుచ్చేరి, కారైకాలు, మాహే, మన యానాము ఆ పద్దు క్రిందివి. దాని సంకేతాక్షరములు ఎఫ్.ఎన్. తో మొదలగును. ముప్పది చదరపు కిలోమీటర్ల ఈ యూరు, మూడు సముద్రముల మేరలుగా గల భారతదేశమునకు బయట నున్నట్లు ఆకాశపు చిఠ్ఠాలో వ్రాయబడియుండెను. 1954 నవంబరు 1వ తేదీన ఫ్రెంచి స్థావరములు భారత పాలనలోనికి వచ్చెను. ఆ చిఠ్ఠాలో కూడ 1954 అక్టోబరు 31వ తేదీతో పద్దు కొట్టివేయబడెను. ఆ దినమువరకు జరిగిన సంభాషణలే చెల్లును. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16వ తేదీన జరిగెను గాని, హ్యాములు పారిసు నగరపు కాగితముల కొరకు వేచియుండలేదు. కాకినాడ, పుదుచ్చేరి కచ్చేరీల నడుమ నేటికిని తెమలని వ్యవహారములు చూచినవారు ఈ వేగమునకు ముక్కున వ్రేలు వేసికొందురు.

ఇట్టి పట్టికలకై పోటీ పడుట పెద్దవారి గోలీలాట యని తోచవచ్చును. అయితే ఆ యాటయే ఒకమారు వేలకొలది ప్రజలకు అక్కరకు వచ్చెను. అండమాన్ నికోబారు దీవులకు ఆ పట్టికలో ప్రత్యేకమైన పద్దు కలదు. అక్కడినుండి మాటలాడుటకు అనుమతి దుర్లభము గనుక ప్రపంచమందలి హ్యాములు ఏండ్ల తరబడి ఆ పద్దుకై ఎదురుచూచుచుండిరి. 2004లో అనుమతి లభించెను. డిసెంబరు తొలి దినములలో భారతీ ప్రసాద్ అను మహిళ నాయకత్వమున హైదరాబాదు సంస్థ బృందము పోర్టుబ్లెయరు హోటలులో యంత్రములు నెలకొల్పి రాత్రింబవళ్లు దేశదేశములవారి పిలుపులకు బదులు చెప్పుచుండిరి. డిసెంబరు 26వ తేదీ ఉదయము ఆరున్నర ప్రాంతమున భూమి కంపించెను, సముద్రము పైకి వచ్చెను, టెలిఫోన్లు మూగవోయెను. హోటలులో ఆట కొరకు నిలిపిన ఆకాశతంతియే ఆ దీవులకు ఊపిరియయ్యెను. భారతీ ప్రసాద్ యంత్రమును డిప్యూటీ కమీషనరు కచ్చేరికి తరలించి, దీవులలోని వారి క్షేమసమాచారములను ప్రధాన భూమికి అందించెను. బృందములో కొందరు మిక్కిలి దెబ్బతినిన కార్ నికోబారునకు పోయి అచ్చట మరియొక యంత్రమును నిలిపిరి. ఏ పద్దులోను ఎక్కని సంభాషణలు అవి.

పోర్టుబ్లెయరున యంత్రములు ఉప్పెనకు ముందే వచ్చి, దైవికముగా అక్కడ నుండెను. అట్టి యదృష్టము ప్రతిమారు పట్టదు. హైదరాబాదునుండి మనుష్యులు బయలుదేరి, కూలిన చెట్లు దాటి డెల్టాకు చేరునప్పటికి మొదటి దినము గడచిపోవును. ప్రాణములు నిలువవలసినది ఆ మొదటి దినముననే. కావున ఊరిలోనే విద్య తెలిసినవారును, నిత్యము పనిచేయుచున్న యంత్రమును ఉండవలెను. క్లబ్బు అక్కర యిచ్చట పుట్టును.

చేతిలో పట్టుకొను చిన్న యంత్రము శక్తి ఐదు వాట్లు. అది పంపు తరంగము చూపు మేర, సరళరేఖలో పోవును. డెల్టా నేల అరచేయి వలె చదును. గుట్టలు లేవు, కొబ్బరితోటలు తరంగమును మ్రింగును. అందుచేత ఎత్తయిన స్తంభముపై 'రిపీటరు' అను యంత్రమును నిలుపుదురు. అది ఒక చెవితో ఒక తరంగమున విని, అదే క్షణమున వేరొక తరంగమున బిగ్గరగా పలుకును. మనదేశమున 144 మొదలు 146 మెగాహెర్ట్జుల మేరలో, వినుటకును పలుకుటకును నడుమ ఆరువందల కిలోహెర్ట్జుల యంతరము ఉంచుట వాడుక. తన గొంతు తన చెవినే చెవుడు చేయకుండుటకు లోహపు డబ్బాల వరుస నడుమ నుండును. చూచువారికి పాలక్యానులవలె తోచు ఆ డబ్బాల సవరింపు కంసాలి త్రాసువంటిది. మరమేకు సగము చుట్టు జారినను రిపీటరు వినికిడి పోవును.

నెలకొల్పుట ఒక పండుగ. కాపాడుట ఒక కాపురము. ఉప్పుగాలి బిగింపు తీగలను తుప్పు పట్టించును. కేబులు అతుకులో ఒక్క వానచుక్క దిగినచో శక్తి అంతయు స్తంభము ఎక్కకమునుపే ఆవిరియగును. పెట్టెలో కందిరీగలు గూడు కట్టును, ఎలుకలు తీగలు కొరుకును. పిడుగు కొరకు బొగ్గు, ఉప్పు వేసి త్రవ్విన ఎర్తు గోతికి ఎండకాలమున నీరు పోయవలెను. బ్యాటరీలో శుద్ధజలము తగ్గెనా యని మాసమున కొకమారైన చూడవలెను. రిపీటరు చచ్చినట్లు తుపాను రాత్రి తెలిసిన క్లబ్బు, అసలు రిపీటరు లేని క్లబ్బు కంటె హీనము. లేనివాడు వేరుదారి వెదకికొనియుండును; ఉన్నదని నమ్మినవాడు మోసపోవును. అందులకే వారమున కొక దినమున నియమిత వేళకు హాజరు పిలుచు ఆచారము ఏర్పడెను. హాజరు పట్టీలో పేర్ల కంటె, ఏ యూరి గొంతు నేడు సన్నగిల్లెనో ఆ గుర్తు ముఖ్యము. రిపీటరునకు ప్రత్యేకముగ కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలెను. దాని గడువు మరచిన కార్యదర్శి తుప్పు కంటె ఎక్కువ నష్టము చేయును.

చందాల విషయము ఇచ్చట విస్తరించి వ్రాయనక్కరలేదు. గ్రంథాలయమున పత్రిక చదువువారి సంఖ్యకును, చందా చెల్లించువారి సంఖ్యకును గల సంబంధము చదువరులకు తెలిసినదే. చేతిఫోనులు వచ్చిన పిమ్మట హ్యాములు పలుచబడిరి. ఫోను స్తంభములకు కూడ కరెంటే ప్రాణమను సంగతి 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టునంతవరకు పలువురికి తోచలేదు. అంత నగరమున ఫోనులు మూగవోగా, హైదరాబాదు హ్యాములు యంత్రములతో వచ్చి వార్తాసంబంధము కల్పించిరి.

స్తంభమే ఒరిగి రిపీటరు నేలబడినచో ఏమి గతి? అందులకు కూడ ఉపాయము కలదు. రెండు కొబ్బరిచెట్ల నడుమ, నేలకు అంత ఎత్తు లేకుండ, ఇరువది మీటర్ల రాగితీగను నడుమ తెగగొట్టి, ఆ నడిమి రెండు కొనలకు కేబులు తగిలించి కట్టవలెను. ఏడు మెగాహెర్ట్జుల తరంగము దానినుండి నిట్టనిలువున ఆకాశమునకు పోయి, పైపొరను తాకి గొడుగువలె క్రిందికి దిగును. పగటివేళ కొన్నివందల కిలోమీటర్ల మేర వినిపించును. చీకటి పడిన పిమ్మట మూడున్నర మెగాహెర్ట్జులకు దిగవలెను, తీగ పొడవు రెండింతలు కావలెను. కారు బ్యాటరీ ఒక్కటి చాలును. 1996 నాటి గాలికి కోనసీమలో ఎన్నో చెట్లు కూలెను గాని, ప్రతి తోటలోను రెండు చెట్లు మిగులకపోలేదు.