మన్యం అంచున పరిశోధన: నర్సీపట్నం దారిలో ఉత్తరాంధ్ర స్కాలర్ల చరిత్ర

విశాఖ మన్యం గురించి విశ్వవిద్యాలయాలు పట్టించుకోకముందు రాసినవాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగులే. కార్మైకేల్ 1869లో విశాఖపట్నం జిల్లా మాన్యువల్ వెలువరించాడు. ఫ్రాన్సిస్ 1907లో గెజిటీర్ కూర్చాడు. థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. అప్పట్లో నర్సీపట్నం గొలుగొండ తాలూకాకు కేంద్రం. మైదానం ముగిసి కొండలు మొదలయ్యే చోట ఉన్న ఊరు కనుక చింతపల్లి, గూడెం వైపు వెళ్లే అధికారికి ఇదే మజిలీ. అతని జీతం, గుడారం, బంట్రోతు అన్నీ సర్కారువే. తరవాతి తరాల్లో అదే ఘాట్ రోడ్డు ఎక్కిన పరిశోధక విద్యార్థి చేతిలో నోటు పుస్తకం, గైడ్ రాసిచ్చిన ఉత్తరం తప్ప పెద్దగా ఏమీ లేవు. అయినా ఈ ప్రాంతం గురించి నేడు తెలిసినదానిలో చాలా భాగం అలాంటివాళ్ల కష్టఫలితమే.

ఉత్తరాంధ్రలో పరిశోధన ఒక చదువుగా రూపుకట్టింది ఆంధ్ర విశ్వవిద్యాలయంతో. 1926లో బెజవాడలో మొదలైన ఆ సంస్థ 1930లో విశాఖలోని వాల్తేరుకు చేరింది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తరవాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరున్న పండితులతో పాటు కుర్రవాళ్లనూ ఏరి తెచ్చారు. 1909లో పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, 1932లో భౌతికశాస్త్రం బోధించడానికి వాల్తేరు వచ్చేనాటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. రసాయనశాస్త్ర శాఖను నిలబెట్టిన టి.ఆర్. శేషాద్రికి అప్పుడు ముప్పయి దాటి కొద్ది ఏళ్లే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయల విరాళం సైన్సు కళాశాలకు ఆధారమైంది.

డబ్బు పరిమితమే గనుక పరికరాలూ పరిమితమే. ఆ లోటు పరిశోధనాంశాల ఎంపికలో కనిపిస్తుంది. శేషాద్రి, ఆయన శిష్యుడు కె. నీలకంఠం చుట్టుపక్కల దొరికే పత్తి పూలలోని వర్ణద్రవ్యాలను విశ్లేషించి వరసగా పత్రాలు రాశారు. భగవంతం తన శిష్యుడు టి. వెంకటరాయుడుతో కలిసి గ్రూపు సిద్ధాంతాన్ని భౌతికశాస్త్రానికి అన్వయిస్తూ రాసిన గ్రంథాన్ని 1948లో విశ్వవిద్యాలయమే ప్రచురించింది. గురువు పేరు పక్కన శిష్యుడి పేరు అచ్చవడం అక్కడ ఆనవాయితీగా స్థిరపడింది. గురుశిష్యులు ఒకే బల్ల దగ్గర పనిచేసే ఆ పద్ధతే వాల్తేరు పరిశోధక సమాజానికి పునాది.

రెండో ప్రపంచ యుద్ధం ఆ సమాజాన్ని చెదరగొట్టింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. ప్రయోగశాలలు మూటగట్టుకుని వెళ్లి, యుద్ధం ముగిశాకే తిరిగి వచ్చాయి. పరిశోధక వేతనాలు అంతకుముందే అరుదు. 1940లో ఇక్కడ గణితంలో ఎం.ఎ. ముగించిన కల్యంపూడి రాధాకృష్ణారావు పెట్టుకున్న స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆలస్యంగా అందిందన్న కారణంతో తిరస్కరణకు గురైంది. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లిన ఆ యువకుడు అక్కడి భారత గణాంక సంస్థలో చేరి, ప్రపంచం గౌరవించే గణాంక శాస్త్రవేత్త అయ్యాడు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయన్ని వరించింది. ఆయనకు మరో తలుపు తెరుచుకుంది. తెరుచుకోనివాళ్ల పేర్లు చరిత్రకు అందలేదు.

స్వాతంత్ర్యం తరవాత పరిశోధన ప్రయోగశాల గోడలు దాటింది. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి, యువ పరిశోధకులను నౌకాదళం ఓడల మీద బంగాళాఖాతంలోకి తీసుకెళ్లాడు. ఇక్కడే చదివి, ఇక్కడే అధ్యాపకుడైన భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. అరకు ప్రాంతంలో కొండదొరల నోట విని నమోదు చేసిన కొండ భాష మీద ఆయన గ్రంథం 1969లో వెలువడింది. మానవశాస్త్ర విభాగం స్కాలర్లకు అరకు, పాడేరు, చింతపల్లి దశాబ్దాల పాటు క్షేత్రాలయ్యాయి. బగత, వాల్మీకి, కోందు, గదబ, పోర్జ, కొండదొర సమాజాల మీద వరసగా థీసిస్‌లు వచ్చాయి.

క్షేత్రపర్యటన అంటే చింతపల్లి వైపు వెళ్లేవారికి విశాఖ నుంచి నర్సీపట్నం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి లంబసింగి మీదుగా ఘాట్ ఎక్కే మరో బస్సు, ఆపైన కాలినడక. ఉప్పూ పప్పూ కింద కొనుక్కుని వెళ్లాలి. వానాకాలం గెడ్డలు పొంగితే ఊళ్లకు దారి ఉండదు. చలిజ్వరం మన్యంలో ఎప్పుడూ పొంచి ఉండేది. బస బడి వరండాలోనో, ఆశ్రమ పాఠశాలలోనో. వారపు సంతలో ముఖపరిచయం, ఊరిపెద్ద అనుమతి, భాష తెలిసిన కుర్రవాడి తోడు దొరికాకే ప్రశ్నలు మొదలయ్యేవి. 1980ల నుంచి నక్సలైట్ల ప్రాబల్యం, పోలీసు గాలింపులు పెరగడంతో కొత్త మనిషిని ఇరువైపులా అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది. సమాచారం ఇచ్చినవారికి ముప్పు కలగకుండా రాయడం స్కాలరు నేర్చుకోవలసిన తొలి పాఠమైంది.

చరిత్ర పరిశోధకుల దారీ ఇదే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది. 1924 మే 7న ఆయన్ని కొయ్యూరులో కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఈ ఘట్టాల కాగితాలు దూరాన ఉన్న ఆర్కైవ్స్‌లో, జ్ఞాపకాలు నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో నిలిచాయి. 1839 నుంచి 1924 దాకా గూడెం, రంప కొండల్లో రేగిన తిరుగుబాట్లను డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో, మన్యం పోరాటాన్ని అట్లూరి మురళి 1984లో విశ్లేషించి ఈ ప్రాంత చరిత్రను దేశం ముందుంచారు.

పరిశోధకుడి జీవికకు వ్యవస్థ ఏర్పడింది నెమ్మదిగా. 1956లో విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి (యూజీసీ) చట్టబద్ధత వచ్చింది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు జాతీయ అర్హత పరీక్ష 1984లో మొదలైంది. ఆ ఫెలోషిప్ 2014లో నెలకు 25,000 రూపాయలకు, 2019లో 31,000కు, 2023లో 37,000కు పెరిగింది. అయితే అది పరీక్ష నెగ్గినవారికే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మిగిలిన స్కాలర్లు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, ఇంటి బరువు మోస్తూ థీసిస్ రాసుకుంటున్నారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 2005-06లో ప్రారంభమైన రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ వల్ల, ఇంట్లో తొలిసారి కాలేజీ మెట్లెక్కినవారు డాక్టరేటు దాకా రాగలిగారు. ప్రవేశం దొరికినంత మాత్రాన వివక్ష తొలగిపోలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ స్కాలరు రోహిత్ వేముల 2016 జనవరిలో మరణించినప్పుడు దేశమంతా ఆ మాటే చర్చించింది.

ఇన్ని ఇబ్బందుల మధ్య స్కాలరును నిలబెట్టేది తోటివారే. సినాప్సిస్ ఎలా రాయాలో, ప్రీ-పీహెచ్‌డీ పరీక్షకు ఏం చదవాలో, ఏ పల్లెలో ఎవరిని కలవాలో జూనియర్లకు చెప్పేది సీనియర్లు. ఫెలోషిప్ నెలల తరబడి ఆగినప్పుడు మెస్ బిల్లుకు అప్పిచ్చేది హాస్టల్ స్నేహితులు. వైవా రోజున హాలు నింపి, బయటికి రాగానే పేరుకు ముందు ‘డాక్టర్’ చేర్చి పిలిచేదీ వాళ్లే. ఈ ఆసరా ఏ నిబంధనల్లోనూ రాసి లేదు. అది తెగినచోట పరిశోధన మధ్యలో ఆగిపోతుంది. గైడ్ ఒక్కరి మీదే అంతా ఆధారపడినప్పుడు ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

నిబంధనలూ మారాయి. 2009లో ప్రవేశ పరీక్ష, కోర్సువర్క్ తప్పనిసరి అయ్యాయి. 2016లో పీహెచ్‌డీ గడువు మూడు నుంచి ఆరేళ్లుగా స్థిరపడింది, స్త్రీలకు అదనంగా రెండేళ్లు, 240 రోజుల ప్రసూతి సెలవు దక్కాయి. 2022లో ఎంఫిల్ రద్దయింది. పట్టా తరవాతి బతుకు మాత్రం ఇంకా తేలలేదు. శాశ్వత నియామకాలు ఆలస్యమైన కొద్దీ డాక్టరేట్లు గెస్ట్ లెక్చరర్లుగానే ఏళ్లు గడుపుతున్నారు.

థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలన్న 2009 నియమం, ఆ తరవాత వచ్చిన శోధగంగ భాండాగారం కలిసి ఒక పాత లోటును కొంత తీర్చాయి. ఒకప్పుడు ఒకే గ్రంథాలయంలో ఉండిపోయిన రాతలు నేడు నర్సీపట్నంలో కూర్చుని చదువుకోవచ్చు. అయితే వాటిలో అధికభాగం ఇంగ్లిష్‌లోనే ఉంది. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. 2022లో నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. మన్యం బిడ్డలే తమ ఊళ్ల మీద, తమ భాషల్లో పరిశోధన చేసే అవకాశం ఇప్పుడు ఏర్పడుతోంది. దానికి సకాలంలో అందే ఫెలోషిప్, చదివాక నిలకడైన ఉద్యోగం, పనిలో తోడుండే సమాజం మూడూ కావాలి. మూడోదాన్ని స్కాలర్లు తొంభై ఏళ్లుగా తమకు తామే నిర్మించుకుంటూ వచ్చారు. మొదటి రెండూ సమకూర్చాల్సింది ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు.